పొడిచే ఎద్దు, కరిచే కుక్క



నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గురించి ఒక చట్టం ఉంది. ఆదివారపు పఠనాల్లో అది రాదు కనుక మనలో చాలామంది విని ఉండరు. ఎద్దు ఎవరినైనా పొడిచి చంపితే ఆ ఎద్దును చంపాలి, యజమాని మాత్రం నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దని ముందే తెలిసి, పదిమంది హెచ్చరించినా కట్టడి చేయకపోతే యజమాని కూడా దోషి. ఆనాటి శిక్షలు మనకు వర్తించవు. కాని అందులోని తర్కం గమనించండి. ఎద్దు అదే, కొమ్ములూ అవే. తేడా అంతా యజమానికి సంగతి తెలియడంలోనే ఉంది.

గణపవరం చుట్టుపక్కల అరక కట్టే ఎద్దులు ఇప్పుడు అరుదు. చేపల చెరువులు పెరిగాక కాపలా కుక్కలు పెరిగాయి. ఒక ఇంటి సంగతి, వారి అనుమతితో, గుర్తులు మార్చి రాస్తున్నాను. ఇంటిపెద్ద చెరువు కాపలాకని పిల్లప్పుడు తెచ్చి పెంచిన కుక్క అది. ఆయన పరమపదించి మూడేళ్ళయింది. కుక్కకిప్పుడు పదకొండేళ్ళు. సంక్రాంతికి వచ్చిన పక్కింటి పిల్లవాణ్ణి పళ్ళతో గీరింది; "ఏం కాలేదులే" అనుకున్నారు. వేసవిలో నాలుగేళ్ళ మనవరాలు నిద్రపోతున్న కుక్క మెడను కావలించుకుంటే చెయ్యి కరిచింది, రక్తం వచ్చింది. "అది ఉన్నంతకాలం పిల్లల్ని తీసుకురాను" అంటుంది కూతురు. "మీ నాన్న పోయిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు నాకు తోడున్నది అదొక్కటే" అంటుంది తల్లి. ఇద్దరూ కన్నీళ్ళతోనే అంటున్నారు.

ముందు ఒక మాట. కుక్క కరిచినచోట కారం, సున్నం, పసుపు పెట్టే అలవాటు మనకింకా పోలేదు. అవేవీ వద్దు. సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం దగ్గర వేసే మందు కూడా కావాలి. మన కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఊరుకోరాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

ఇక కుక్క సంగతి. అది పాపం చేయలేదు. బుద్ధీ, స్వేచ్ఛా ఉన్నచోటే పాపం ఉంటుంది. "కృతఘ్నత చూపింది" అని కర్ర తీసుకోవడం అర్థం లేని పని. ముసలి కుక్కకు కీళ్ళు నొప్పి పెడతాయి, చూపు మందగిస్తుంది, చెవులు వినిపించవు. నిద్రలో ఎవరైనా మీద పడితే ఉలిక్కిపడి నోరు పెడుతుంది. కాబట్టి మొదట వెళ్ళవలసింది పశువుల ఆసుపత్రికి. నొప్పి తగ్గితే కోపమూ తగ్గవచ్చు. అయినా, డాక్టరుగారు మందిచ్చారు గదా అని పిల్లల మధ్య వదలకూడదు.

నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా లెక్కచేస్తాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంది. మూగజీవాలను అనవసరంగా హింసించడం, చంపడం మానవ గౌరవానికి తగదని శ్రీసభ సత్యోపదేశం 2418వ సంఖ్యలో ఉంది. మనుషులకు మాత్రమే చెందవలసిన ప్రేమను జంతువులకు మళ్ళించరాదని కూడా అక్కడే ఉంది. ఈ రెండు మాటలనూ కలిపే చదవాలి. పసిబిడ్డ చెయ్యీ కుక్క చోటూ తక్కెడలో వేస్తే నాకు సందేహం లేదు, బిడ్డే ముందు. బిడ్డను "నువ్వే ముట్టుకున్నావుగా" అని తప్పుపట్టడం మరీ అన్యాయం. నాలుగేళ్ళ పిల్లకు నిద్రపోతున్న కుక్క బొమ్మలాగే కనిపిస్తుంది.

అయితే బిడ్డ ముందు అంటే కుక్కను వదిలించుకోవడమనే కాదు. పెరట్లో తడిక కట్టి, గేటుకు పిల్లలకందని ఎత్తులో గొళ్ళెం పెట్టి, పిల్లలున్నన్ని రోజులూ దాన్ని అటువైపే ఉంచగలిగితే ఉంచుకోవచ్చు. రోజంతా గొలుసుతో కట్టేస్తే కుక్క ఇంకా చిరాకు పడుతుంది. అలా కుదరకపోతే పిల్లలు లేని ఇంటికి ఇవ్వవచ్చు, కరిచిన సంగతి దాచకుండా చెప్పి. అదీ కుదరక, నొప్పి తగ్గక, ప్రమాదం తప్పదనుకుంటే పశువైద్యుని చేత నొప్పి లేకుండా ప్రాణం తీయించడం పాపం కాదు. పాపసంకీర్తనంలో ఇది అడిగేవారికి నేను చెప్పేదీ అదే.

చేయకూడనిది ఒకటుంది. రాత్రిపూట ఆటోలో ఎక్కించి కొల్లేరు గట్టున దించి రావడం. అక్కడా పిల్లలున్నారు, చెరువుల దగ్గర పాకల్లో కాపురాలున్నాయి. పైగా ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ప్రమాదకరమైన జంతువును తెలిసీ అదుపులో పెట్టకపోవడానికి 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు విధిస్తుంది. మోషే కాలపు తర్కం మన చట్టంలోనూ ఉందన్నమాట.

ఆ తల్లి గురించి ఇంకా చెప్పాలి. "కుక్కేగా, పంపేయండి" అని సలహా ఇచ్చినవారు చాలామంది. దీపాలు పెట్టేవేళ ఆమెతో కూర్చునేవారు ఎవరని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. తోబీతు గ్రంథంలో కుమారుడు ప్రయాణమైనప్పుడు ఇంటి కుక్క వెంట నడుస్తుంది, తిరిగొచ్చేటప్పుడూ వెంటే ఉంటుంది. ఆ కుక్క చేసిన ఘనకార్యమేదీ అక్కడ రాయలేదు. వెంట ఉన్నది, అంతే. ఆమెకు ఈ కుక్క అలాంటిది. దాన్ని తీసేయవలసి వస్తే ఆ వీధి జపమాల సంఘంవారు వారానికి రెండు సాయంత్రాలు ఆ ఇంట్లోనే జపమాల చెప్పుకోవడం మంచిది.

ప్రస్తుతానికి ఆ కుటుంబం తడిక కట్టడానికి ఒప్పుకుంది. కుక్కకు నొప్పి మందు మొదలుపెట్టారు. క్రిస్మస్ సెలవులకు కూతురు ముందు ఒక్కతే వచ్చి, గొళ్ళెం ఎంత ఎత్తున పెట్టారో తన కళ్ళతో చూసుకుని, ఆ తర్వాతే పిల్లల్ని తీసుకొస్తానంది.