పిల్లి ముట్టని బిచ్చం

పరమ లోభి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడనడం తెలుగు నుడికారం. పుచ్చుకునేవారి వరుసలో అందరికన్నా చివర నిలబడ్డది పిల్లి అన్న ఊహతోబాటు, ఏది పడేసినా అది తింటుందన్న నమ్మకం కూడా ఈ మాటలో దాగి ఉంది. ఊహ సంగతి ఎలా ఉన్నా, ఆ నమ్మకం మాత్రం బందరులోగాని గుడివాడలోగాని దివిసీమ పల్లెల్లోగాని పిల్లి మసలే ఏ ఇంట్లోనూ నిలవదు. పొద్దున వండిన చేప ముక్కను అన్నంలో పిసికి సాయంత్రం చల్లగా పెడితే పిల్లి దగ్గరికి వస్తుంది, మూతి ఆనించకుండానే వాసన చూస్తుంది, ముందుకాలితో పళ్ళెం చుట్టూ గచ్చును రెండుమూడుసార్లు గీకి, మట్టి కప్పి పూడ్చవలసిన వస్తువేదో అక్కడ ఉన్నట్టు నటించి, తోక నిలబెట్టి వెళ్ళిపోతుంది. పెట్టినవారు పెట్టారు, తినవలసినది తినలేదు. అలాంటప్పుడు అక్కడ దానం జరిగినట్టా, జరగనట్టా?

ప్రశ్న చిలిపిగా కనిపించినా ధర్మశాస్త్రం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. తన వస్తువు మీద తనకున్న స్వత్వాన్ని, అంటే ఇది నాది అనే హక్కును వదులుకుని, ఎదుటివారికి ఆ హక్కు కలిగించడమే దానం. ఇచ్చేవాడు వదులుకోవడంతోనే దానం పూర్తవుతుందని దాయభాగం రాసిన జీమూతవాహనుడు వాదించాడు. పుచ్చుకునేవాడు స్వీకరిస్తేనే పూర్తవుతుందని యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు నిలబడ్డాడు, పైగా ఆ స్వీకారం మనసుతో, మాటతో, శరీరంతో అని మూడు విధాలన్నాడు. దాయభాగం బెంగాలులో చెల్లితే తెలుగునాట మితాక్షరే చెల్లింది. ఈ లెక్కన కృష్ణా డెల్టా పిల్లి ముట్టని పళ్ళెం దానం కిందికి రాదు, బెంగాలు పిల్లి ముట్టకపోయినా వస్తుంది.

అయితే జంతువుకు పెట్టే తిండి అసలు దానమే కాదని, అది ఉత్సర్గమని సమాధానం చెప్పవచ్చు. ఫలానా వారికి అని గురి లేకుండా, సర్వప్రాణులకూ చెందేటట్టు వస్తువును విడిచిపెట్టడం ఉత్సర్గం; చెరువు తవ్వించి ఊరికి వదిలేయడం అలాంటిది, దానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. గృహస్థు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాల్లో ఒకటైన భూతయజ్ఞం, అంటే ప్రాణులకు అన్నం విడవడం, దాదాపు ఈ కోవకే వస్తుంది. ఆ అన్నాన్ని నేలమీద మెల్లగా పెట్టమని చెబుతూ మనుస్మృతి మూడో అధ్యాయం కుక్కలను, కాకులను, పురుగులను పేర్కొంటుంది గాని పిల్లిని పేర్కొనదు. పదకొండో అధ్యాయంలో మాత్రం పిల్లి ఎంగిలి తిన్నవాడికి ప్రాయశ్చిత్తం ఉంది. గడప బయటి ప్రాణుల జాబితాలో లేనిదీ, వంటింటి ఎంగిలి దగ్గర మాత్రం తప్పకుండా గుర్తుకొచ్చేదీ కాబట్టి, పిల్లి అప్పటికే ఇంటి లోపలిదైపోయిందని అనుకోవడానికి వీలుంది. ఇదే పరిస్థితిని ఇస్లాం మరోవిధంగా చూసింది: పిల్లి మూతి పెట్టిన నీరు అశుద్ధం కాదనీ, అది మీ చుట్టూ తిరిగే వాటిలో ఒకటనీ ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో, అంటే ఆయన మాటలూ నడతా తెలిపే ఉల్లేఖనాల్లో ఉంది. ఇంట్లో తిరగడమే ఒకచోట ఎంగిలి భయానికీ మరొకచోట మినహాయింపుకూ కారణమైంది. ఏమైనా ఇంటి లోపలిదానికి పెట్టేది ఉత్సర్గం కాజాలదు. పేరు పెట్టి పిలిచి, గిన్నె చూపించి, తిన్నదో లేదో తొంగిచూసేవారు గురి లేకుండా విడిచామని ఎలా అనగలరు?

అంగీకారం కావలసిందే అయితే, పిల్లి దేన్నిబట్టి అంగీకరిస్తుంది? వాసననుబట్టే. తెలుగులో ఈ వాసన అనే మాటకు ముక్కుకు తెలిసే గుణమనీ, పూర్వానుభవం మనసులో వదిలిన జాడ అనీ రెండర్థాలున్నాయి. యోగసూత్రాల నాలుగో పాదంలో రెండో అర్థాన్ని వివరించేటప్పుడు వ్యాసభాష్యం తీసుకున్న ఉదాహరణ సరిగ్గా పిల్లే; భాష్యకారుడు దాన్ని వృషదంశం, అంటే ఎలుకలను కొరికేది, అంటాడు. నడుమ నూరు జన్మలు గడిచినా, దేశం మారినా, మళ్ళీ పిల్లి జన్మ ఎత్తిన క్షణాన పాత పిల్లి వాసనలు నిన్నటివైనట్టు పైకి వస్తాయని ఆయన అభిప్రాయం. శరీరశాస్త్రం జన్మల జోలికి పోకుండానే దీనికి దగ్గరి మాట చెబుతుంది. తీపిని గుర్తించే గ్రాహకానికి కావలసిన రెండు జన్యువుల్లో ఒకటి పిల్లిజాతిలో చెడిపోయి ఉందని 2005లో వెల్లడైంది. కనుక పాయసం దానికి పాల రుచే తప్ప బెల్లం రుచి ఇవ్వదు. టారిన్ అనే పోషకాన్ని తగినంతగా తయారుచేసుకోలేని దాని శరీరం మాంసం మీదే ఆధారపడుతుంది. చల్లారిన తిండి నుంచి వాసన పైకి లేవదు గనుక, జలుబు చేస్తే ముక్కుకే తెలియదు గనుక, ఆ రెండు వేళల్లోనూ అది పళ్ళేన్ని వదిలేస్తుంది. మనుషులు పొగరు అనేదానిలో ఎక్కువ పాలు ఇదే.

కాని వాసన అంతా జాతినుంచి వచ్చినదే అనుకుంటే పొరపాటు. ఇంటిపిల్లి పూర్వీకులు పశ్చిమాసియా పొడినేలల అడవిపిల్లులు. చేప వాటి తిండి కాదు. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యపు మడ అడవుల్లో తిరిగే నీటిపిల్లి మాత్రం నీటిలోకి దిగి చేపను పట్టుకోగల వేరే జాతి. బందరు దగ్గరి గిలకలదిండి రేవులో వలల పక్కన చేపకోసం కాచుకుని, కాలికి తడి తగిలితే విదిలించుకునే పిల్లికి ఆ రుచి తల్లి నేర్పింది. తల్లి తినేదాన్నే పిల్ల మొదట తిండిగా గుర్తిస్తుంది. శ్రీవైష్ణవంలో తెంగలై శాఖవారు చెప్పే మార్జాల కిశోర న్యాయంలో, తల్లిపిల్లి మెడ పట్టి మోసుకుపోతుంటే పిల్ల ఏ ప్రయత్నమూ చేయనట్టే, జీవుడు భగవంతుడి పట్టుకు లోబడి ఉంటే చాలు. శ్రీవైష్ణవ కావ్యమైన ఆముక్తమాల్యదకు ప్రేరణ దొరికిన చోటుగా చెప్పుకునే శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు ఆలయం ఘంటసాల మండలంలోనే ఉంది గనుక ఈ పోలిక డెల్టాకు పరాయిది కాదు. ఉపమానం మెడ దగ్గరే ఆగింది గాని, తల్లి పట్టు నాలుక మీద అంతకన్నా ఎక్కువకాలం ఉంటుంది.

దీనితో అసలు చిక్కు మొదలవుతుంది. ఎదుటి ప్రాణి వాసన తెలిసి పెట్టడమే నిజమైన దానం అయితే, పిల్లికి మాంసమే పెట్టాలి. పార్శ్వనాథుడి ఆలయం ఉన్న గుడివాడలో జైనులను అడిగితే అహింసావ్రతం అందుకు ఒప్పుకోదంటారు. 12వ శతాబ్దపు హేమచంద్రుడు తన యోగశాస్త్రంలో డబ్బుకోసం పిల్లులు, కుక్కల వంటివాటిని పెంచడాన్ని శ్రావకులు, అంటే జైన గృహస్థులు, మానవలసిన వృత్తుల్లో చేర్చాడు. శాకాహారపు బ్రాహ్మణ, వైశ్య ఇళ్ళలో ఈ చిక్కును ఎవరూ శాస్త్రం తిరగేసి విప్పుకోరు. పెరుగన్నం పెడతారు; పిల్లి పైనున్న మీగడ మాత్రం నాకి, మెతుకులు వదిలి, గోడ దూకి, పక్క పెరట్లో బొమ్మిడాయిలను బూడిదతో బండమీద తోమే వేళకు అక్కడ హాజరవుతుంది. ఆ పెరటివారు విసిరిన తలలూ పేగులూ తిని తిరిగివస్తే ఈ ఇంటివారు తెలియనట్టే ఊరుకుంటారు. మార్జారం అనే పేరు శుభ్రపరచడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఆ పేరుకు తగ్గట్టు అది గడప మీద కూర్చుని పంజా తడుపుకుంటూ మూతి, మీసాలు, చెవుల వెనక తుడుచుకుంటుంది, ఎంత తుడుచుకున్నా దాన్ని ఒళ్ళోకి తీసుకున్నవారికి నీచువాసన తగులుతూనే ఉంటుంది.