తెరచిన ద్వారాలు



చీకటిలో ఎగిరే గబ్బిలానికి తన కూత ప్రతిధ్వనియే దారి చూపుతుంది. మన కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని తేనెటీగ చూడగలదు. ఏ ప్రాణికి తగిన ద్వారమును ఆ ప్రాణికి సృష్టికర్త తెరచి ఉంచాడు.

19 నెలల ప్రాయంలోనే చూపును, వినికిడిని కోల్పోయిన హెలెన్ కెల్లర్‌కు స్పర్శయే ఆధారమైంది. 1887లో ఆమె చేతిపై నీరు పడుతుండగా, గురువు ఆన్ సల్లివాన్ రెండవ అరచేతిలో ‘నీరు’ అనే మాటను వ్రేళ్ళ గుర్తులతో తెలిపింది. ప్రతి వస్తువుకు ఒక పేరున్నదని ఆ బాలిక అప్పుడు గ్రహించింది.

క్రీస్తు ప్రభువు కూడ చెవిటివానిని తాకియే స్వస్థపరచాడు (మార్కు 7:33). మనకు అన్ని ద్వారాలూ తెరచియే ఉన్నవి. అయినా, మంచం పట్టిన తల్లి పిలుపు మనకు వినబడుతున్నదా? ఈ ఆదివారం ఆమె చేయి పట్టుకొని కాసేపు కూర్చుందాం.