బత్తాయి తొక్క, గోదావరి దారి

గోడ మీది ప్రపంచ పటాల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. పిల్లలకు గ్లోబు తిప్పి చూపండి, ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది! ఎందుకిలా అని వాళ్లు అడిగితే బత్తాయి తొక్క ఒలిచి బల్ల మీద పరచమనండి. చిరగకుండా, సాగకుండా అది పరుచుకోదు. గుండ్రటి భూమిని పటంగా పరచడమూ అంతే. 1569లో మెర్కేటర్ అనే పటకర్త, నావికులకు దిక్కు తప్పకూడదని తన పటంలో ధ్రువాల వైపు నేలను సాగదీశాడు.

తర్వాత పటంలో మన గోదావరిని చూపండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన చోటికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. పడమటి కనుమలు అడ్డం. అందుకే బాసర, భద్రాచలం, రాజమహేంద్రవరం దాటి, 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతం చేరుతుంది. ఆ దారంతా పిల్లల వేలితోనే దిద్దించండి. పేర్లు బట్టీ పట్టించకండి.