ఆశ్రయం ఇచ్చాక ప్రాణం తీయవచ్చా?

ప్రశ్న: మా కాలనీవాళ్లం కొందరం చందాలు వేసుకుని, ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేయించి, దెబ్బలు తగిలిన వీధికుక్కలకూ పిల్లులకూ ఆశ్రయం ఇస్తున్నాం. ఇక్కడికి వచ్చిన ఏ ప్రాణినీ చంపకూడదని మొదట్లోనే కట్టుబాటు పెట్టుకున్నాం. ఇప్పుడు లారీ కింద పడి నడుము విరిగిన కుక్క ఒకటి రాత్రంతా మూలుగుతోంది. ఇక బాగుపడదు, ఇంజెక్షన్ ఇచ్చి బాధ తీర్చేద్దామని డాక్టరుగారు అంటున్నారు. ఒప్పుకుంటే మాట తప్పినట్టా? చోటు లేక కొత్తవాటిని వద్దంటున్నాం. శరణన్నవాటిని కాదన్న పాపం మాకు చుట్టుకుంటుందా? కుక్కల్ని ముట్టుకుని వచ్చి దీపం పెట్టవద్దని మా అత్తగారు అంటున్నారు. ఆవిడకు ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు అత్తగారి మాట చూద్దాం. కుక్కను తాకితే స్నానం చేయాలని స్మృతులు చెప్పినమాట నిజమే, ఆవిడ కల్పించింది కాదు. స్నానం చేసి, చీర మార్చుకుని దీపం పెట్టండి. ఆవిడ మాటా నిలుస్తుంది, మీ పనీ ఆగదు. అయితే ఆ స్మృతులే గృహస్థు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞాన్ని కూడా చేర్చాయి. కుక్కలకూ కాకులకూ పురుగులకూ నేలమీద మెల్లగా అన్నం ఉంచాలని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. ముట్టుకుంటే స్నానం అన్నారు గానీ, ఆకలితో వదిలేయమని ఎవరూ అనలేదు. ఈ మాట ఆవిడకు వాదనగా కాక, తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పండి.

అసలు ప్రశ్న నడుము విరిగిన కుక్కది. దీనికి మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం కన్నా దగ్గరి ప్రమాణం నాకు కనబడదు. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్న కథ మనందరికీ తెలుసు. అందులో ఇంద్రుడు వేసిన ఒక ప్రశ్నను మాత్రం మనం తొందరగా దాటిపోతాం. ద్రౌపదినీ తమ్ముళ్లనూ దారిలో వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కను ఎందుకు వదలలేవు అని అడిగాడాయన. వారు మరణించారు, వారిని తిరిగి బతికించడం నా చేతిలో లేదు, బతికి ఉండగా నేను వారిని వదలలేదు అన్నాడు ధర్మరాజు. నమ్ముకున్న ప్రాణిని విడిచిపెట్టడం ఒక్కటీ శరణాగతుణ్ణి పట్టియివ్వడం, స్త్రీని చంపడం, బ్రాహ్మణుని సొమ్ము అపహరించడం, మిత్రద్రోహం ఈ నాలుగింటితో సమానమని కూడా అన్నాడు.

మీరు పెట్టుకున్న కట్టుబాటును నేను ఈ వెలుగులోనే చూస్తాను. చంపము అని మీరన్నది దేనికి? చోటు చాలలేదనో, ఖర్చు పెరిగిందనో, ముసలిదైందనో, ఎవరూ పెంచుకోవడానికి తీసుకెళ్లలేదనో ప్రాణం తీయము అని. ఆ వ్రతం గట్టిది, దాన్ని సడలించవద్దు. కానీ ప్రాణం పోకుండా ఉంటే చాలు, అది ఏ స్థితిలో ఉన్నా మా మాట నిలిచినట్టే అనుకుంటే, వ్రతం ఆ కుక్క కోసం కాక మన పేరు కోసం అవుతుంది. మూత్రం వెళ్లక, పడుకున్నచోటే పుండ్లు పడి పురుగు పడుతుంటే, మేము చంపలేదు అని పక్కకు తిరగడం కూడా విడిచిపెట్టడమే. అమెరికాలో ఇటువంటి ఆశ్రయాలు నూటికి 90 ప్రాణాలు నిలబెట్టడాన్ని కొలతగా పెట్టుకున్నాయి. ఏ వైద్యానికీ లొంగని బాధతో వచ్చేవి కొన్ని ఉంటాయని ఒప్పుకున్నాకే ఆ లెక్క వేసుకున్నారు.

మన దేశంలో ఈ తగువు ఒకసారి పెద్దయెత్తున నడిచింది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ తీరని బాధతో పడి ఉంటే, గాంధీగారు ఆశ్రమంవారితో చర్చించి, ఇంజెక్షన్ ఇప్పించి దాని ప్రాణం తీయించారు. దేశమంతటి నుంచీ కోపంతో ఉత్తరాలు వచ్చాయి. అహింస అంటే చంపకపోవడం మాత్రమే కాదని, స్వార్థం లేకుండా ఆ ప్రాణి బాధ తీర్చడానికే చేసిన పనిని హింస అనలేనని ఆయన సమాధానమిచ్చారు. పింజరాపోళ్లనే పశువుల ఆశ్రయాలు నడిపే జైనుల సంప్రదాయం దీన్ని అంగీకరించదు. ఆ ప్రాణి కర్మ అదే అనుభవించాలి, ఆయుష్షు తుంచే అధికారం మనకు లేదు అంటారు వారు. మన పండితుల్లోనూ ఆ మాటే అనేవారు ఉన్నారు. వారి మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. అయినా, నా తీర్పు అడిగారు కాబట్టి చెబుతున్నాను: గాంధీగారు చేసింది ధర్మమే.

అలాగని తొందరపడవద్దు. నడుము దెబ్బతిన్న కుక్కలన్నీ చావవు. వెనక కాళ్లు పోయినా, రోజూ మూత్రాశయం ఒత్తి ఖాళీచేసే మనిషి ఉంటే, చక్రాల బండి కట్టుకుని హాయిగా తిరిగేవి ఉన్నాయి. వెనక కాళ్లలో లోతైన నొప్పి తెలుస్తోందా, నొప్పి మందుకు మూలుగు తగ్గుతోందా, ముద్ద తింటోందా అని డాక్టరుగారిని అడగండి. వీలైతే మరో పశువైద్యుడికీ చూపించండి. ఆశ లేదని ఇద్దరూ అంటే ఒప్పుకోండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా, నయంకాని జబ్బుతోనో ప్రాణాంతకమైన గాయంతోనో ఉన్న కుక్కకు అర్హుడైన పశువైద్యుడి చేత నొప్పిలేని మరణం ఇవ్వడాన్ని అనుమతిస్తున్నాయి. ఆ సమయంలో అది ఎక్కువగా నమ్మిన మనిషి తల దగ్గర కూర్చోవాలి. మనసుకు కష్టంగానే ఉంటుంది, ఉండాలి కూడా. హింస అంటకుండా బతికేవాడు ఈ లోకంలో లేడని, దాన్ని తగ్గించుకునే ప్రయత్నమే మన వంతు అని మహాభారతంలో మిథిలలోని ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి చెప్పాడు గదా.

ఇక చోటు సంగతి. చేర్చుకున్నదాన్ని విడవడం పాపమే గానీ, పోషించలేమని ముందే చెప్పడం పాపం కాదు. ఇరుకు షెడ్డులో ఒక కుక్కపిల్లకు పార్వో జబ్బు సోకితే టీకా పడని పిల్లలన్నింటికీ పాకుతుంది. కొత్తదాని మీద దయతో పాతవాటిని చంపుకున్నట్టవుతుంది. పైగా, ప్రాణికి చేయగలిగింది ఇంట్లో ఉంచుకోవడం ఒక్కటే కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటుచేశానని, మూలికలు నాటించి, దారుల వెంట బావులు తవ్వించానని ఆయన చెప్పుకున్నాడు. మీరు చేర్చుకోలేని కుక్కకు కట్టు కట్టించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి, పట్టిన వీధిలోనే వదిలితే అది విడిచిపెట్టడం కాదు, దాని తావుకు దాన్ని చేర్చడం. పైన చెప్పిన జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ అదే. ఒకటి మాత్రం చూసుకోండి: బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడే వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ ఆపరేషన్ల పనిని మీ షెడ్డు కన్నా ముఖ్యంగా భావించండి. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. ఆ పిల్లల్లో చాలా భాగం చక్రాల కింద, ఆకలితో, రోగాలతో పోతాయి. మనుషులకూ ముప్పు ఉంది: 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లవాణ్ణి కరిచి చంపాయి. ఆ తల్లి దుఃఖాన్ని పక్కనపెట్టి చెప్పే భూతదయ నాకు అక్కరలేదు. మీ షెడ్డులో పనిచేసేవాళ్లంతా ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోండి. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. కరిచినా గీరినా వెంటనే పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం అద్దుకుని ఇంట్లో కూర్చోవద్దు.