పాత యింటిలో కొత్త కాపురము

ఇల్లు కొనుట ఒక్క దినమున ముగియును. ఆ యింటివాడగుటకు సంవత్సరములు పట్టును. స్టాంపు కాగితములపై సంతకములై, సబ్ రిజిస్ట్రారు కచేరీలో వేలిముద్రలు పడినంతనే యిల్లు చేతులు మారినదని చట్టము చెప్పును. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇంటితోపాటు కొన్నవానికి ఏమేమి చెందునో కూడ పేర్కొన్నది. తాళములు, తాళపుచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఆ యింటి శాశ్వతోపయోగమునకై అమర్చిన యితర వస్తువులు. వర్తకునకు ఈ పట్టీ చాలును. గృహస్థునకు చాలదు. తలుపు వచ్చినది సరే, ఆ తలుపు వెనుక ఇంతకాలము బ్రతికినవారి గురుతులు, దూలముల సందున గూడు కట్టిన పిచ్చుకలు, పెరటి కరివేపచెట్టుకు చేయి చాచుట అలవాటైన ఇరుగుపొరుగు, వీరందరిని ఏ ఖాతాలో వ్రాయవలెను?

బళ్ళారి ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడి బళ్ళారి మైసూరులో చేరునప్పటికే వారు అక్కడ తరతరములుగా ఉన్నవారు. రాష్ట్రము పేరు మారినది గాని మిద్దె మారలేదు. మందమైన మట్టిగోడలు, దూలములు, వానిపై దంతెలు, ఆ పైన మన్ను, వానలకు ముందు చల్లు చౌడు, నడుమ వెలుతురుకై ఒక గవాక్షి. కొత్త కట్టడమునకు సొమ్ము చాలని యువదంపతులు తమ మొదటి యిల్లుగా ఇట్టి దానినే కొందురు. కొన్న మరునాడే వారికి కలుగు కోరిక ఒక్కటే. దీనిని ‘మనది’ చేసికొనవలెను. ఆ కోరిక తప్పు కాదు. అది ఎంత తొందరలో, ఎవరిమీదుగా నడచునన్నదే విచారింపవలసిన సంగతి.

మొదట గోడలను చూడుడు. మేస్త్రీ వచ్చి పాత గార రాల్చి సిమెంటు పూయుదమనును, దానిపై నూనెరంగు వేయుదమనును. ఆరు నెలలు అద్దమువలె మెరయును. పిమ్మట అడుగుభాగమున పొక్కులు లేచి, పెచ్చులు ఊడిపడును. కారణము తేలికైనది. మట్టిగోడ నేలలోని తేమను పీల్చి బయటికి విడుచుచుండును. సున్నము ఆ తేమకు దారి యిచ్చును, సిమెంటు దారి మూయును. లోపల చిక్కిన తేమ గోడనే తినివేయును. సున్నమైనచో నీటిలో విరిసి, గోడకెక్కినపిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి తిరిగి సున్నపురాయిగా గట్టిపడును. దానికి కాలము కావలెను. ఏటేట మరల ఒక చేయి వేయవలెను. ఒక్కసారి ఖర్చుపెట్టి మరచిపోవలెననుకొనువానికి పాత యిల్లు తగదు.

తేమతోపాటు చెదపురుగు మాట వచ్చును. విషము చల్లించుట సులభము, అంగడిలో డబ్బాలు దొరకును. అహింసావ్రతము గల యింట ఆ డబ్బా మూత తీయుటకు ముందు చేయవలసిన పని కొంత యున్నది. కారు తూమును బాగుచేయుట, గోడ మొదట నిలిచిన నీరు తీసివేయుట, దూలపు కొనకు గాలి తగులనిచ్చుట. తేమ తెగినచో చెదకు దారి సన్నగిల్లును. పురుగు చేరిన తరువాత చంపుటకంటె చేరకుండ చూచుకొనుట మేలని పెద్దలు చెప్పినది ఆచారము మాత్రమే కాదు, మంచి గృహనిర్వాహము కూడ.

పిచ్చుకగూటి విషయములో పరీక్ష యింకను కఠినము. గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టియుండును, చుట్టములకు కార్డులు పోయియుండును, సున్నము వేయువాడు నిచ్చెనతో వచ్చియుండును. గూటిలో పిల్లలు కిచకిచలాడుచుండును. అవి రెక్కలు వచ్చి ఎగురుటకు ఇంచుమించు పదునైదు దినములు పట్టును. ఆ ఒక్క దూలమును విడిచి తక్కినదంతయు వెల్లవేయించినచో ముహూర్తము చెడదు. చుట్టములు పైకి చూచి నవ్విన నవ్వవచ్చును. ఇందు నష్టపోవునది అందము గూర్చిన గర్వము మాత్రమే. దానిని నష్టముగా వ్రాసికొను లెక్క సరియైన లెక్క కాదు.

గోడలకంటె వంట లోతైనది. రంగు వేసినంత మాత్రాన పరాయి యిల్లు పరాయిగనే యుండును. పోపు వాసన నాలుగు దినములు గోడలకు పట్టినగాని అది కాపురము కాదు. పాలు పొంగించుట ఒక్క ఉదయపు వేడుక. అసలు కథ మరునాటి కందిపప్పుతో మొదలగును. బోరునీళ్ళు పోసి గంట ఉడికించినను పప్పు బద్దలు బద్దలుగనే నిలుచును. అత్తగారు పప్పును తిట్టును, కోడలు పొయ్యిని తిట్టును, భర్త అంగడివానిని తిట్టును. తప్పు నీటిది. సున్నపుపాలు మిక్కుటముగా గల నీటిలో పప్పు త్వరగా మెదగదు, చింతపండు ముందుగా వేసినచో మరింత బిరుసెక్కును. ఈ రహస్యము ఏ దస్తావేజులోను ఉండదు. ప్రక్కింటి ముసలమ్మకు తెలియును. “పప్పుకు ఆ నీళ్ళు పనికిరావమ్మా, కుళాయి నీళ్ళు పట్టుకో, పులుసు చివర పోయి” అని ఆమె గోడమీదుగా ఒక్క మాట చెప్పును. ఆ మాట వినిన దినమున కోడలు ఆ యింటికి నిజముగా కాపురమునకు వచ్చినట్లు.

నీరు వడగట్టి త్రాగు యిండ్లలో, ప్రొద్దు గ్రుంకకముందే భుజించు యిండ్లలో, ఈ పొందిక ఇంకను చిక్కుతో కూడినది. పాత యజమానులు రాత్రి తొమ్మిదింటికి వండుకొనువారు కావచ్చును. వారి వంటయింటికి పడమటి కిటికీ అవసరము కలుగలేదు. సాయంకాలపు వెలుతురులో పని ముగింపవలసిన ఇల్లాలికి అది లేక గడవదు. అప్పుడు గోడ పగులగొట్టుటలో దోషము లేదు. పాత వంటయింటి సొగసును పొగడువారు తరచు అందులో వండనివారే. చీకటిలో, ఉక్కలో దినమునకు నాలుగు గంటలు నిలుచునది ఎవరో వారి మాటయే అక్కడ చెల్లవలెను. బళ్ళారివారి ఉగ్గాని ఉల్లిపాయ లేనిదే కాదని పొరుగువారు వాదింతురు. ఉల్లి విడిచి, నానిన బొరుగులలో పుట్నాలపొడి, పచ్చిమిరప, నిమ్మరసము చేర్చి ఒక గిన్నెడు గోడమీదుగా అందించినచో వాదము ఆగును. గిన్నె తిరిగి ఖాళీగా రాదు.

ఇక తలవాకిటిపై పాత యజమాని పేరు చెక్కిన రాతిపలక. దీని దగ్గర చాలమంది తడబడుదురు. అమ్మినవాడు సుఖముగా అమ్మియుండడు. అప్పు తీర్చుటకో, కూతురు పెండ్లికో, అన్నదమ్ముల పంపకమునకో అమ్మియుండును. వాని అవసరమువలననే వెల దిగినది. వెల దిగుటవలన లాభపడినవాడు, ఆ పేరును కూడ ఉలితో తొలిపింపవలెనా? చట్టము అడ్డుచెప్పదు. అయినను ఆ యింటి వృద్ధురాలు ఏ పండుగకో ఆ వీధిన పోవుచు తల యెత్తి చూచును. ఆ చూపునకు వెల కట్టి ఎవరును కొనలేదు.

హంపి శిథిలములలో, 2021లో బళ్ళారినుండి వేరుపడిన విజయనగర జిల్లాయందు, ఒక జినాలయము కలదు. దానిని 1385లో కట్టించినవాడు రెండవ హరిహరరాయల మంత్రి ఇరుగప్ప దండనాయకుడని ఎదుటి దీపస్తంభముపై శాసనము చెప్పుచున్నది. కుంథు జిననాథునకై కట్టిన గుడి. జనము దానిని ‘గాణిగిత్తి గుడి’, అనగా గానుగవారి ఆడమనిషి గుడి, అని పిలుతురు. దండనాయకుని పేరు రాతిమీద నిలిచినది, నూనెగానుగ స్త్రీ పేరు నోళ్ళలో నిలిచినది. అంతటి వానికే తన కట్టడము పేరు చేతిలో లేకపోయినప్పుడు, కొన్న మిద్దెకు పలక మార్చినంతనే వీధివారు దానిని కొత్తపేరున పిలుతురా? ముప్పది యేండ్లయినను ‘ఫలానావారి యిల్లు’ అనియే అందురు. దానికి కోపించుట వృథాప్రయాస.

ఇట్లయినచో కొన్నవాడు అద్దెకున్నవానితో సమానుడా యని ఎవరైనను అడుగవచ్చును. కాడు. పన్ను కట్టునది వాడు, కారు మిద్దెకు చౌడు వేయించునది వాడు. ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున పరిగ్రహమనగా వస్తువు కాదనియు, వస్తువుపై మనస్సు మూర్ఛపోవుటయే పరిగ్రహమనియు తెలిపినాడు. గోడకు రంగు వేయుటలో మూర్ఛ లేదు. రంగు వేసిన గోడను బాలుడు బొగ్గుతో గీసినప్పుడు ఇల్లంతయు దద్దరిల్లునట్లు అరచుటలో ఉన్నది.

చివరకు కరివేపచెట్టు మిగిలినది. పెరటిగోడకు చిన్న తలుపు, దానికి పాత తాళము. చట్టము ప్రకారము తాళముతో చెవియు వచ్చినది. నాలుగిండ్లవారు ఎప్పటినుండియో పొద్దున పోపువేళకు వచ్చి రెండు రెబ్బలు త్రుంచుకొని పోవుదురు. దొంగల భయము నిజమే, రాత్రి తాళము వేయవలసినదే. తెల్లవారి పాలవాడు వచ్చువేళకు తీసి, చెవిని వంటయింటి గూటిలో కోడలి చేతికందునట్లు ఉంచిన చాలును.