గడప దాటిన నీళ్ళు

నాలుగైదేళ్ళ కిందటి పెత్రమాసనాడు, హనుమకొండలో మా ఇంటి ముందు మోరీలో గారెలు వండిన నూనె ఒంపుతున్నాను. పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని తంగేడు పూలు ఏరుతోంది.

"అదెటు పోతది బిడ్డా?" అంది.

"ఎటో పోతుంది పెద్దమ్మా, మోరీయే కదా!"

"ఎటో ఏంది? చెర్లకే పోతది. పొద్దూకినంక బతుకమ్మను పట్టుకొని మనం గూడ గాడికే పోతం" అని మళ్ళీ పూలలో పడింది.

చూశారా, ఎంత చిన్న మాట! ఇల్లు కడిగి, మురికినంతా గడప దాటించి "హమ్మయ్య, శుభ్రమైంది" అనుకుంటాం. శుభ్రమైందా, చోటు మారిందా?

మోరీలోంచి నాలాలోకి, నాలాలోంచి పల్లాన ఉన్న చెరువులోకి వాననీళ్ళు పోతాయి. మోరీలో మనం వేసినదల్లా వాటి వెంటే పోతుంది. దారిలో వడగట్టే నాథుడుండడు. నూనె తెట్టు కట్టి నీటికి గాలి ఆడనివ్వదు. మురుగు గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. పాలిథిన్ సంచులు నాలాకు అడ్డం పడతాయి. 2020 ఆగస్టు వానలకు వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నాలాల మీద కట్టుకున్నవాళ్ళను అందరం తిట్టాం. న్యాయమే. మరి నాలాలో సంచి పడేసిన చెయ్యి ఎవరిది? 2024 నవంబరులో భద్రకాళి చెరువును ఖాళీ చేయించి పూడికతీత చేపట్టారు. యంత్రాలు పూడిక తీస్తాయి గాని, మోరీలో ఒంపే చేతిని ఆపలేవు కదా!

"పెద్ద పెద్ద మురుగుకాలువలే వచ్చి కలుస్తుంటే, నా గిన్నెడు నూనెకే చెరువు పాడయిందా?" అని నా మనసు నా తరపున వకాల్తా పుచ్చుకుంది. నిజమే, పెద్ద తప్పు నాది కాదు. దాన్ని సర్దవలసినవాళ్ళు వేరే ఉన్నారు. కాని ఒకరిది పెద్ద తప్పయితే నా చిన్న తప్పు ఒప్పయిపోతుందా? కంటికి కనబడనంత దూరాన జరిగితే కీడు కీడు కాకుండా పోతుందా?

కాకతీయులు ఇక్కడ గొలుసుకట్టు చెరువులు కట్టించారు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. పైవాళ్ళు వదిలిన నీళ్ళే కిందివాళ్ళకు వచ్చే నీళ్ళు. ఇంతకన్నా పెద్ద నీతి ఏ గ్రంథం చెప్పాలి?

ఆ సాయంత్రం బతుకమ్మను నీళ్ళలో వదులుతుంటే, ఒడ్డున రంగురంగుల తెట్టు తేలుతోంది. నాదో, ఎవరిదో! పెద్దమ్మ చేత్తో దాన్ని పక్కకు నెట్టి బతుకమ్మను సాగనంపింది. నన్నేమీ అనలేదు. అంటేనే బాగుండేదేమో!

ఇప్పుడు మిగిలిన నూనెను సీసాలో పోసి మూత బిగించి చెత్తబండికి ఇస్తున్నాను. ఇరుగుపొరుగు వాళ్ళకు చెబితే ఏమనుకుంటారోనని చాలా రోజులు జంకాను. చివరికి ఉపన్యాసం మానేసి, మోరీ దగ్గర గిన్నెతో కనబడ్డ వదినగారిని పెద్దమ్మలాగే అడిగాను: "అదెటు పోతుంది వదినా?"

ఆవిడ గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం చాలనిపించింది నాకు.