పొడుచు ఎద్దు, పసుపు దీపము

ఒకడు తన కారును అమ్మకమునకు పెట్టెను. కొనవచ్చినవాడు "బండి బాగున్నదా అన్నా?" అని అడుగగా, "నీవే నడిపి చూచుకో తమ్మీ" అనెను. ఆ మాటలో అబద్ధమేమియు లేదు. అయితే ముందుదినముననే అతడు మెకానిక్ చేత హెచ్చరిక దీపమును ఆర్పించి, బండిని శుభ్రముగా కడిగించి తెచ్చియుండెను. చదువరులారా, ఇతడు అబద్ధమాడినట్లా, ఆడనట్లా?

ఇది పట్టణవాసులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో వరి పండించు మన బాన్సువాడ ప్రాంతములో ఒకప్పుడు ఎడ్ల బేరములు జరిగెడివి. ఇప్పుడు పంట డబ్బు చేతికి రాగానే పాత కారు కొనువారు అనేకులు. ఆ కారే పగలు కిరాయికి తిరుగును, రాత్రివేళ ఎవరికైన నొప్పులు వచ్చినయెడల కామారెడ్డికో నిజామాబాదుకో పరుగెత్తును. కాబట్టి దానిలోని లోపము యజమానుని సొంత సంగతి మాత్రమే కాదు.

ఆ దీపము ఏమి చెప్పుచున్నదో మొదట తెలిసికొందము. సాధారణముగా కారు ఇంజనులో నాలుగు సిలిండర్లుండును. బండి నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరిగినయెడల, ఒక్కొక్క సిలిండరు 400 మారులు మండవలెను. వాటిలో ఒకటి సరిగా మండనప్పుడు, జత ఎద్దులలో ఒకటి మెడ వంచక నిలిచిన బండివలె ఇంజను కుదుపుచు నడచును. దీనినే మన డ్రైవర్లు "మిస్సింగ్ కొట్టుచున్నది" అందురు. ఇంజను ఇరుసునకు చేర్చిన పండ్ల చక్రమును ఒక సెన్సారు ఎడతెగక గమనించుచుండును. ఒక సిలిండరు నెట్టనప్పుడు ఆ చక్రము రవ్వంత మందగించును. ఆ మందగింపులను కంప్యూటరు లెక్కించి, అవి మితిమీరినప్పుడు ఇంజను బొమ్మగల పసుపు దీపమును వెలిగించును. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశములో అమలులోనున్న భారత్ స్టేజి 6 నిబంధనల ప్రకారము పెట్రోలు కార్లలో ఈ కాపలా తప్పనిసరి.

దీపము నిలుకడగా వెలిగినయెడల త్వరలో మెకానిక్‌కు చూపవలెను. అది మిణుకుమిణుకుమనుచున్నయెడల సంగతి తీవ్రమైనది. మండని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి, అక్కడనున్న కాటలిటిక్ కన్వర్టరులో మండి దానిని పాడుచేయును. వేగము తగ్గించి, భద్రమైన చోట నిలుపవలెను. ఎఱ్ఱని ఆయిలు దీపమైతే ఇంకొక మైలు పోదమనుకొనక అక్కడనే ఇంజను ఆపవలెను.

అయితే దీపము జబ్బున్నదని చెప్పునే గాని జబ్బు పేరు చెప్పదు. స్కానరు పెట్టగా "పి 0302" అని వచ్చినదనుకొనుడి. రెండవ సిలిండరు మిస్ అగుచున్నదని దాని అర్థము. ఏల మిస్ అగుచున్నదో అది చెప్పదు. ప్లగ్గు కావచ్చును, కాయిలు కావచ్చును, ఇంజెక్టరు కావచ్చును, వాల్వు సరిగా మూసికొనకపోవుట కావచ్చును. మంచి పనివాడు రెండవదాని కాయిలును తీసి మూడవదానికి పెట్టి, మూడవదానిది రెండవదానికి బిగించి నడిపి చూచును. ఇప్పుడు "0303" వచ్చినయెడల దోషము కాయిలుదే. మరల "0302"యే వచ్చినయెడల కాయిలు నిర్దోషి, తరువాత ప్లగ్గును అట్లే పరీక్షించును. ఓపిక లేనివాడు నాలుగు ప్లగ్గులను నాలుగు కాయిలులను ఒకేసారి మార్చి బిల్లు చేతికిచ్చును. అతని ఊహలకు మనము చెల్లించు ధర అది.

వేరొకడు ఏమియు వెదకక మీట నొక్కి కోడును చెరిపివేయును. బాగుచేసిన తరువాత, లోపము మరల వచ్చునేమో చూచుటకు చెరుపుట న్యాయమే. బాగుచేయకయే చెరిపినయెడల దీపము ఆరును, రోగము నిలుచును. ఇట్టి లోపము సాధారణముగా వరుసగా రెండు ప్రయాణములలో కనబడిన తరువాతనే దీపము మరల వెలుగును. ఒక బేరము ముగియుటకు ఆ వ్యవధి చాలును.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన కట్టడ కలదు. ఎద్దు మనుష్యుని పొడిచి చంపినయెడల ఎద్దు చంపబడును, యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని అతనికి ముందే తెలియజేయబడియుండి, అతడు దానిని కట్టివేయకపోయినయెడల యజమానుడును దోషియే. ఎద్దు అదే, చావు అదే, తెలియజేయబడుటయే భేదము. ఆ పసుపు దీపము అట్టి తెలియజేతయే. అది వెలిగినప్పుడు యజమానుడు ఎరిగినవాడాయెను. దానిని ఆర్పించుటచేత అతడు మరల ఎరుగనివాడు కాజాలడు. రాజైన యెహోయాకీము యిర్మీయా చెప్పిన మాటల గ్రంథమును చాకుతో కోసి కుంపటిలో కాల్చెను. ఆ మాటలే మరల వ్రాయబడెను (యిర్మీయా 36).

"నేను కొన్నప్పుడు నాకెవ్వడు చెప్పెను? అప్పులో ఉన్నవాడను, ఈ నష్టము నేనెట్లు భరింతును?" అని ఒకడు అడుగవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఒక కుటుంబమునకు ఆ కారే భూమి, ఆ కారే జీతము. ఐనను అతడు మౌనముగా అమ్మినందున నష్టము పోదు. ఎరుగని వేరొకని నెత్తికి ఎక్కును. ఆ వేరొకడును పేదవాడే కావచ్చును. కిరాయికి కూర్చున్న గర్భిణీ స్త్రీ ఆ బేరములో లేనే లేదు, ఆమెకు చూచుకొనమని చెప్పినవాడును లేడు. అందుచేత ముందు చెప్పిన మనుష్యుడు నోటితో కాకపోయినను చేతితో అబద్ధమాడెననియే నా తీర్పు.

కొనువారు చల్లని ఇంజనుతోనే పరీక్షింపవలెను. ఇంజను స్టార్టు చేయకమునుపు తాళము త్రిప్పగానే ఇంజను బొమ్మ దీపము వెలుగవలెను, స్టార్టయిన తరువాత ఆరవలెను. మొదటనే వెలుగనియెడల ఎవడో దానిని తీసివేసి గాని కప్పి గాని యుండవచ్చును. కోడు ఇటీవల చెరుపబడినదా అనునదియు స్కానరు చాలమట్టుకు తెలుపును, ఏలయనగా చెరిపిన పిమ్మట కంప్యూటరు తన స్వపరీక్షలను మొదటినుండి చేసికొనవలెను. అమ్మువాడు "తమ్మీ, ఈ దీపము వచ్చుచున్నది, రెండవ కాయిలు పోయినదని మెకానిక్ చెప్పినాడు" అని తానే చెప్పినయెడల, కాయిలు వెలయు బిగించు కూలియు ఎంతో అడిగి, ఇద్దరును కూర్చుండి ఆ మొత్తమును ధరలోనుండి తీసివేసికొనవచ్చును.